డీఅడిక్షన్ కౌన్సెలర్ ఉద్యోగం గురించి అడిగిన ప్రొద్దుటూరు చెల్లెలికి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. బీఏ సైకాలజీ అయిపోయింది, నాన్న తాగుడుతోనే పోయారు, అలాంటి ఇళ్ళకు పనికొచ్చే ఉద్యోగం చేయాలని ఉంది. ఏం చదవాలి, జీతం ఏమాత్రం వస్తుంది, ఆడపిల్లకు కుదిరే పనేనా, "తాగుబోతుల మధ్య ఏం ఉద్యోగమే నీకు" అంటున్న అమ్మకు ఏం చెప్పాలి అని అడిగారు. నేను ఈ పనిలోకి వచ్చి 16 ఏళ్ళు. మొదటి నాలుగేళ్ళు కర్నూలులో, ఆ తర్వాతంతా అనంతపురంలో. జవాబు పొడుగే అవుతుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

చదువు సంగతి ముందే ముగిస్తాను, అడిగేవాళ్ళంతా అక్కడే ఆగిపోతారు కాబట్టి. మన దేశంలో డీఅడిక్షన్ కౌన్సెలర్ అని విడిగా లైసెన్సు ఏదీ లేదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాలు ఉన్నాయి, వాటిని మేం ఐఆర్‌సీఏ అంటాం. అక్కడ సైకాలజీ, సోషల్ వర్క్ లాంటి సబ్జెక్టులతో డిగ్రీ ఉండి కాస్త అనుభవం ఉంటే కౌన్సెలర్‌గా తీసుకుంటారు. కానీ డిగ్రీతో ఆగిపోతే పదేళ్ళ తర్వాత కూడా అదే కుర్చీలో ఉంటారు. పీజీ చేయండి, సైకాలజీ అయినా సరే, సోషల్ వర్క్‌లో పీజీ, అంటే ఎంఎస్‌డబ్ల్యూ అయినా సరే. మీకు అందుబాటులో కడపలో యోగి వేమన, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలు ఉన్నాయి. ఏ కోర్సు ఎక్కడుందో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. డబ్బుకు ఇబ్బందైతే ఉద్యోగం చేసుకుంటూ ఇగ్నోలో ఎంఎస్‌డబ్ల్యూ చేయొచ్చు, సైకాలజీని మాత్రం 2025 నుంచి దూరవిద్యలో ఆపేశారు. ఒక్క జాగ్రత్త: ఎంఏ చేసినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టకూడదు. దానికి పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు చేసి, అక్కడ రిజిస్టర్ కావాలి. మన ఊళ్ళలో పెట్టేవాళ్ళు పెడుతూనే ఉన్నారు, మీరు మాత్రం ఆ పని చేయకండి.

పీజీ తర్వాతో, మధ్యలోనో చేయదగ్గ శిక్షణలున్నాయి. ఢిల్లీలోని జాతీయ సామాజిక రక్షణ సంస్థ డీఅడిక్షన్ సిబ్బందికి శిక్షణ ఇప్పిస్తుంది. కొలంబో ప్లాన్ అనే అంతర్జాతీయ సంస్థ వ్యసన చికిత్స సిబ్బంది కోసం తయారుచేసిన యూటీసీ పాఠాలు ఉన్నాయి. మనకు ఒక్క రాత్రి రైలు దూరంలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకే ప్రత్యేక విభాగం ఉంది. చెన్నైలో తాగుడు మాన్పించే టీటీకే ఆస్పత్రి ఉంది. భర్తను తాగుడుకు పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ గారు 1980లో మొదలుపెట్టిన సంస్థ అది. 1992లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. మీ అమ్మకు ఈ మాట చెప్పి చూడండి.

ఇక పని. ఏ పుస్తకమూ నన్ను మొదటి ఏడాదికి సిద్ధం చేయలేదు. కర్నూలులో ఉన్నప్పుడు నేను చేసిన తప్పొకటి చెప్తాను. నాపరాళ్ళ పాలిష్ పని చేసే ఒకాయన, 40 ఏళ్ళుంటాయి, భార్యతో వచ్చాడు. గంటసేపు మాట్లాడాను. చివర్లో లేచి, "ఈ పొద్దు నుంచి ముట్టను మేడమ్, పిల్లోళ్ళ మీద ఒట్టు" అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కేస్ షీట్‌లో మోటివేషన్ చాలా బాగుందని రాసి, పై బుధవారం రమ్మని పంపేశాను. రెండో రోజు రాత్రి ఆయన్ను ఆటోలో వేసుకొచ్చారు. ఫిట్స్. నాలుక కరుచుకుని చొక్కా ముందు భాగమంతా రక్తం. డ్యూటీ డాక్టర్ నన్ను తిట్టలేదు. "చివరి క్వార్టర్ ఎప్పుడు తాగాడని అడిగావామ్మా?" అన్నారు, అంతే. అడగలేదు. ఎప్పుడు మానేస్తాడా అని చూశానే గానీ, మానేసిన మర్నాడు ఒంట్లో ఏం జరుగుతుందో నాకు తట్టనే లేదు.

రోజూ గట్టిగా తాగే ఒంటికి మందు ఒక్కసారిగా ఆగిపోతే తట్టుకోలేదు. 6 గంటల నుంచి ఒక రోజు లోపల చేతుల వణుకు, చెమట, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేది ఎక్కువగా మొదటి 48 గంటల్లో. 2 నుంచి 4 రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పాములు పాకుతున్నాయంటారు, లేని మనిషితో మాట్లాడతారు, మంచం దిగి వీధిలోకి పరిగెత్తుతారు. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ప్రాణం మీదికి వస్తుంది. ఊళ్ళలో గాలి సోకిందని తాయెత్తు కట్టించి, ఇంకో రోజు చూసి అప్పుడు తెస్తారు. మాత్రలతో మెల్లగా దించుకు రావడం, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇవ్వడం డాక్టర్ పని. గుర్తుపట్టి సమయానికి డాక్టర్ దగ్గరకు చేర్చడం మన పని. అందుకే ఇప్పుడు నా దగ్గర ఎవరు కొత్తగా చేరినా మొదటి వారం మూడే ప్రశ్నలు నేర్పిస్తాను. చివరిసారి ఎప్పుడు తాగారు, ఎంత తాగారు, ఇంతకు ముందు మానినప్పుడు ఫిట్స్ గానీ భ్రమలు గానీ వచ్చాయా. కుటుంబ చరిత్ర, బాల్యం అన్నీ తర్వాత.

అడగడంలో కూడా ఒక ఒడుపు ఉంది. "ఎంత తాగుతావన్నా?" అంటే వచ్చే జవాబు ఒకటే: "అప్పుడప్పుడు తాగుతాండా మేడమ్, రోజూ ఏమీ లేదు." ఆయన అబద్ధం ఆడుతున్నాడని మీరు ముఖం పెట్టారో, ఆ రోజుకు అయిపోయినట్టే. నేను ముందు టీ తెప్పిస్తాను. గ్లాసు ఒక చేత్తో ఎత్తుతాడా, రెండు చేతులతో పట్టుకుంటాడా, ఎత్తకుండా తలే వంచి గ్లాసు దగ్గరకు వెళ్తాడా చూస్తాను. తర్వాత, "పొద్దున పనికి పోయే ముందు కొంచెం పడితేగానీ చేయి నిలవదా అన్నా?" అంటాను. అప్పుడు తల ఎత్తి చూస్తాడు. ఈమెకు తెలుసు అన్న చూపు అది. అక్కడి నుంచి లెక్క నిజంగా వస్తుంది. తాగుడు ఎంత ముదిరిందో కొలిచే డబ్ల్యూహెచ్ఓ వాళ్ళ 10 ప్రశ్నల ఆడిట్ ఫారం నింపాల్సిందే, కాదనను. కానీ ఫారం ముందు పెట్టుకుని మొదలుపెడితే పదికి పది అబద్ధాలు రాసుకోవాలి.

మన ప్రాంతంలో పని చేయాలంటే మాల గురించి తెలియాలి. ఏడాదంతా రోజుకు రెండు క్వార్టర్లు తాగేవాడు కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టడు. మా అనంతపురం వైపు బొమ్మనహాళ్ మండలం ఉంతకల్లులో పాండురంగ స్వామి గుడికి మందు మానాలనే మాల వేసుకోవడానికి పోతారు. చదువుకున్న కుర్ర కౌన్సెలర్లు కొందరు దీన్ని ఎగతాళి చేస్తారు. నాకు నచ్చదు. ఒక మనిషి పొద్దున్నే చన్నీళ్ళు పోసుకుని, ఊరంతా "స్వామీ" అని పిలుస్తుంటే 41 రోజులు నిలబడ్డాడంటే మానే శక్తి లేదని ఎలా అంటాం? మాల తీసిన రోజు సాయంత్రం ఏమైందో అడగండి. ఎవరు పిలిచారు, ఎక్కడ కూర్చున్నారు, జేబులో డబ్బులు ఎక్కడివి. సగం కౌన్సెలింగ్ అక్కడే దొరుకుతుంది. కాకపోతే మాల వేసుకోబోయే ముందు ఒక్కసారి డాక్టర్‌కు చూపించుకోమని మాత్రం గట్టిగా చెప్తాను, పైన చెప్పిన ఫిట్స్ భయంతోనే.

ఇంకోటి, పప్పులో కలిపే మాత్రలు. డైసల్ఫిరామ్ అని ఉంది. అది వేసుకున్నవాడు మందు తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఆ భయంతో తాగకుండా ఉంటాడని, మనిషి ఒప్పుకున్నాకే, గుండె, లివర్ పరీక్షలు చూసి డాక్టర్ ఇస్తారు. మన వైపు ఎవరో చెప్తే మెడికల్ షాపులో కొని భర్తకు తెలియకుండా పప్పులో, మజ్జిగలో కలిపేస్తారు. ఆయనకు తెలియదు, పోయి తాగుతాడు. ఆఖరి మాత్ర వేసుకున్న 2 వారాల దాకా దాని ప్రభావం ఉండొచ్చు. ఒకామె నా ముందు కూర్చుని, "అక్కా, నేనే చంపుకునేదాన్ని కదా" అని ఏడ్చింది. ఆయన అప్పుడు ఐసీయూలో ఉన్నాడు. బతికాడు. ఆమెను నేను తప్పుపట్టలేదు. ముగ్గురు పిల్లలతో, తాకట్టులో పుస్తెలతో, ఇంకేం చేయాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇలాంటి భార్యలకు, అమ్మలకు మీరు చెప్పే పదినిమిషాల మాట మీరు ఇచ్చే అన్ని సెషన్ల కన్నా పనికొస్తుందని నా నమ్మకం.

ఆడపిల్ల ప్రశ్నకు జవాబు సగం ఇక్కడే వచ్చేసింది. వంటింటి సంగతి, ఒంటి మీది దెబ్బల సంగతి భార్యలు మగ కౌన్సెలర్‌కు చెప్పరు. కల్లుకో, నిద్రమాత్రలకో అలవాటు పడిన ఆడవాళ్ళు అసలు గుమ్మమే ఎక్కరు, లోపల ఆడమనిషి ఉందని తెలిస్తే తప్ప. మగవాళ్ళ సంగతంటారా, ఎక్కువమంది "అక్కా", "మేడమ్" అనే పిలుస్తారు. ఒకరిద్దరు వెకిలిగా ఉంటారు. సొంత ఫోన్ నంబర్ ఇవ్వకండి. సెషన్ జరిగేటప్పుడు తలుపు ఓరగా తెరిచి ఉంచండి. ఇంటికి వెళ్ళి చూడాల్సి వస్తే ఒంటరిగా పోకుండా పీర్ ఎడ్యుకేటర్‌ను వెంట తీసుకెళ్ళండి. పీర్ ఎడ్యుకేటర్ అంటే తాగుడు మానేసి నిలబడి, ఇప్పుడు కేంద్రంలోనే పనిచేసే మనిషి. మా దగ్గర ఉన్నాయన గతంలో గుంతకల్లు స్టేషన్‌లో హమాలీ. నా పీజీ కంటే ఆయన ఒక్క మాట ఎక్కువ పనిచేసిన రోజులు లెక్కలేనన్ని.

మీ నాన్న గురించి మీరు ఒక్క వాక్యం రాశారు. నేను మా పెద్దన్న గురించి రాసినా అంతే రాస్తాను. చేరిన రెండో ఏడాది, ఒక పేషెంటును నేను బాగా కడిగేశాను. పిల్ల ఫీజు డబ్బు తాగేశాడని. వాడు మాట్లాడకుండా కూర్చున్నాడు. బయటికొచ్చాక మా సూపర్‌వైజర్, "ఇందాక లోపల ఎవరిని తిడుతున్నావు?" అన్నారు. నాకు అర్థం కావడానికి ఇంటికి పోయేదాకా పట్టింది. ఇంట్లో తాగుడు చూసి పెరిగినవాళ్ళు ఈ పనికి పనికిరారని కాదు. మా టీమ్‌లో సగం మంది అలాంటివాళ్ళమే. కానీ ముందు మీరు ఎవరి దగ్గరైనా కూర్చుని ఆ సంగతి మాట్లాడి ఉండాలి. నాన్న చనిపోయి ఇంకా ఎక్కువ కాలం కాకపోతే కొన్నాళ్ళు ఆగండి. చేరాక కూడా మీ కేసుల గురించి మాట్లాడుకోవడానికి ఒక పెద్దదిక్కును పెట్టుకోండి. సూపర్‌విజన్ లేని చోట చేరొద్దు. జీతం రెండు వేలు ఎక్కువిచ్చినా వద్దు.

అసలు ఈ పనిలో నిలబడేవాళ్ళను, నిలబడలేనివాళ్ళను వేరుచేసేది తిరిగొచ్చిన పేషెంటు. డిశ్చార్జ్ రోజు స్వీట్లు పంచి పోతాడు. నెలకో, మూణ్ణెల్లకో మళ్ళీ తాగుతాడు. చాలామందికి జరుగుతుంది, షుగర్ ఉన్నవాడికి షుగర్ మళ్ళీ పెరిగినట్టే ఇది. కానీ షుగర్ పెరిగితే మనకు కోపం రాదు, ఇక్కడ వస్తుంది. మా దగ్గర ఒకాయన ఉన్నాడు, బోరు లారీ మీద పనిచేసేవాడు. ఐదోసారి తాగి వచ్చినప్పుడు లోపలికి రాలేదు. చెప్పులు విడిచే చోటే గోడకానుకుని నిలబడ్డాడు. గంట నిలబడ్డాడు. నేను రెండుసార్లు అటు పోయాను, చూడనట్టు. నిజం చెప్తున్నాను, నాకు విసుగొచ్చింది ఆ రోజు. చివరికి మా పీర్ ఎడ్యుకేటర్ పోయి, "ఏమప్పా, అన్నం తిన్నావా?" అన్నాడు. అంతే, ఆయన భోరుమన్నాడు. ఆ తర్వాత లెక్క చూస్తే, మొదటిసారి 20 రోజులు మానాడు, నాలుగోసారి 7 నెలలు. నా కేస్ షీట్లలో ఐదుసార్లూ "రిలాప్స్", అంటే మళ్ళీ తాగాడు, అని ఒక్క ముక్కే రాసుంది. ఆ 7 నెలలు ఎలా ఉండగలిగాడో ఎవరూ అడగలేదు. ఆ రోజు అడిగాం. కొత్త బోరుకు నీళ్ళు పడిన రోజు రైతు పార్టీ ఇస్తాడు, పడని రోజు ఓనర్ బాధతో తాగిస్తాడు. ఆ లారీ మీద ఉన్నంత కాలం రెండు రకాల రోజులూ తాగే రోజులే. ఆయన పని మారాడు. ఇది నేను ఇచ్చిన సలహా కాదు, ఆయన నోటితోనే వచ్చింది. మిల్లర్, రోల్నిక్ అనే ఇద్దరు మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని ఒక పద్ధతి పెట్టారు, ఎంఏలో చదువుతారు. మారాల్సిన కారణం మనం చెప్పకూడదు, ఆయన నోటి నుంచి రానివ్వాలి అనేది దాని పట్టు. వినడానికి సులువు. చేయడానికి నాకు ఐదేళ్ళు పట్టింది.

జీతం. నేను చేరినప్పుడు నెలకు 6,500. గ్రాంటు రాక ఒకసారి 5 నెలలు చేతికి రూపాయి రాలేదు, మా వారి జీతంతో నడిచింది. ఇప్పటికీ కొత్తవాళ్ళకు ప్రైవేటు స్కూలు టీచరుకు వచ్చినంతే అనుకోండి. అందుకే పీజీ అన్నాను. పీజీ ఉంటే జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం, ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్టు పోస్టులు, ఎయిడ్స్ నియంత్రణ వాళ్ళ కౌన్సెలర్ పోస్టులు, 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 లాంటివాటికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పని లేకపోవడం మాత్రం ఉండదు. 2019లో విడుదలైన ఎయిమ్స్ వాళ్ళ జాతీయ సర్వే ప్రకారం, మందుకు బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మద్యంతో సమస్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఈ మధ్య గంజాయి కుర్రాళ్ళు, క్రికెట్ బెట్టింగ్ కుర్రాళ్ళు కూడా ఎక్కువయ్యారు. మీ ప్రొద్దుటూరు సంగతి మీకు నేను చెప్పాలా. గంజాయి కుర్రాడి తల్లిదండ్రులు ముందు అడిగేది పోలీసు కేసు గురించే. తనంతట తాను చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. ఆ సెక్షన్ బాగా చదివి పెట్టుకోండి, చాలా ఇళ్ళలో భయం తగ్గుతుంది.

ఉద్యోగం ఇస్తామని ప్రైవేటు కేంద్రాలు పిలుస్తాయి. చేరే ముందు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 కింద రిజిస్ట్రేషన్ ఉందా, డాక్టర్ నిజంగా వస్తారా, సంతకం మాత్రమే వస్తుందా చూసుకోండి. నేను ఇంటర్వ్యూకు వెళ్ళిన ఒకచోట, పేరెందుకు లెండి, వరండాలో ఒక కుర్రాడి కాలికి గొలుసు ఉంది. "పారిపోతాడు మేడమ్" అన్నారు. మనిషిని గొలుసుతో కట్టడం ఆ చట్టం ప్రకారం నేరం. అటు నుంచి అటే బస్టాండుకు వచ్చేశాను. ఫిర్యాదు చేయాల్సింది, చేయలేదు. ఇప్పటికీ ఆ కాలు గుర్తొస్తుంది.

ఇక అమ్మ. ఆవిడ భయం ఉద్యోగం గురించి కాదనిపిస్తోంది. ఇరవై ఏళ్ళు తాగుడు వాసనతో కాపురం చేసి, ఇప్పుడిప్పుడే ఇల్లు సద్దుమణిగింది. కూతురు అదే వాసనలోకి పోతానంటోంది. మాటలతో ఒప్పించాలని చూడకండి. మీకు దగ్గర్లో ఏ కేంద్రం ఉందో 14446కు ఫోన్ చేస్తే చెప్తారు, డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ అది. ముందుగా అడిగి, ఒకరోజు చూడ్డానికి వెళ్ళండి. సోమవారం వద్దు, ఆదివారం తాగినవాళ్ళంతా ఆ రోజే వస్తారు, మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. మంగళవారం పొద్దున వెళ్ళండి. అమ్మను కూడా తీసుకెళ్ళండి. ఓపీ బయట పేషెంట్ల భార్యలు కూర్చునే బెంచీ ఒకటి ఉంటుంది. అమ్మను అక్కడ కూర్చోబెట్టి, మీరు లోపలికి వెళ్ళండి.